సిమెంటులో పడిన ‘అండి’

ఇంటికి పేరు పెట్టుకోవాలన్న యావ మా కోనసీమ జనానికి ఎప్పుడు పట్టుకుందో సరిగ్గా చెప్పలేను గాని, నేను కాపరానికి వచ్చిన కొత్తలో మాత్రం అది లేదు. ఫలానా వారి ఇల్లు ఎక్కడండీ అని అడిగితే, కాలువ వంతెన దిగి, పడమటి వేపు రెండో తోట దాటితే గుమ్మంలో సూడిగేదె కట్టేసి ఉంటుంది, అదేనండి అనేవారు. గేదెను అమ్మేస్తే ఇల్లు దొరికేది కాదు. ఆ తరవాత మగవాళ్ళు గల్ఫు వెళ్ళడం, పెంకుటిళ్ళు పోయి డాబాలు లేవడం మొదలై, డాబా లేచిన ప్రతివాళ్ళకీ గేటు పక్కన ఒక పేరు కావలసివచ్చింది. ఇప్పుడైతే నల్లరాయి మీద మిషను పెట్టి కాసేపట్లో చెక్కేస్తున్నారు. అప్పట్లో మేము చెప్పులు కోసి అక్షరాలు చేశాం. (నవ్వేవాళ్ళు కాస్త ఆగండి. నవ్వవలసిన చోటు ఇది కాదు.)

మా ఆయనది సిమెంటు పోత పని. రాజోలు నుంచి మలికిపురం వెళ్ళే దారిలో, కాలువ గట్టున, మా అత్తగారి వాటాకి వచ్చిన కొద్దిపాటి కొబ్బరితోటలో ఓ మూల నూతిలో దింపే సిమెంటు వరలు, కిటికీ జాలీలు, హద్దు రాళ్ళు పోసి అమ్మేవారు. వరలు గుండ్రంగా వచ్చేవి, జాలీలు గట్టిగా ఉండేవి. పేరు పలక అడిగితే మాత్రం పచ్చి సిమెంటు మీద మేకుతో రాసి ఇచ్చేవారు. అది ఆరాక చూస్తే కోడి కెలికినట్టుండేది. ఒకాయన మా దగ్గర పోయించుకున్న పలకను తిరగేసి బట్టలుతికే రాయిగా వేసుకున్నాడని తెలిసి నాకు ఒళ్ళు మండింది. నేను మూడో తరగతి ముగియకుండానే బడి మానేసినదాన్ని. పుస్తకాల్లో అచ్చక్షరాలైతే కూడబలుక్కుంటాను, చేతిరాత గొలుసుకట్టుగా ఉంటే నాకు అది జిలేబీయే. అయినా, ముగ్గు వేసేటప్పుడు గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చేతికి తెలుస్తుంది కదా. అక్షరం కూడా అంతే అనిపించేది. అక్షరాలు నేను చేస్తాను, మీరు సిమెంటు కలపండి అన్నాను. ఆయన సరేననలేదు, వద్దనలేదు. మా ఇంట్లో దాన్నే సరే అంటారు.

కొయ్యతో చేయిద్దామంటే వడ్రంగికి డబ్బులెవరు పెడతారు? అరిగిన హవాయి చెప్పు అడుగు రబ్బరు బ్లేడుకి వెన్నలా తెగుతుంది, నీళ్ళు పీల్చదు, లాగినా విరగదు. వీధిలో తెగిన చెప్పులన్నీ మా ఇంటికి రావడం మొదలుపెట్టాయి. అక్షరాలు కోసి, పాత బీరువా అద్దం మీద సైకిలు పంచరు జిగురుతో అంటించి, చుట్టూ కొయ్య చట్రం బిగించి, లోపలంతా కొబ్బరినూనె రాసి, వాయిలు చీరలో జల్లించిన ఇసకతో సిమెంటు కలిపి పోస్తే, మర్నాడు తిరగేసేసరికి అద్దమంత నునుపైన పలకా, అందులోకి దిగిన అక్షరాలూ రావాలి. చెప్పడం తేలికే. నూనె దగ్గరే మొదటి తగువు వచ్చింది. ‘కోడలు మా తలలకి చుక్క రాల్చదు గాని సిమెంటుకి తలంటుతోంది’ అని మా అత్తగారు దారినపోయేవాళ్ళని పిలిచి మరీ చెప్పేవారు. రెండో తగువు చెప్పుల దగ్గర. మొదటి పలక దేవుడి పేరుతో పోద్దామంటే, చెప్పుతో దేవుణ్ణా అని ఆవిడ అన్నం మానేశారు. రబ్బరు ముక్కలన్నిటినీ పసుపు నీళ్ళలో కడిగి చూపించాక మధ్యాహ్నానికి తిన్నారు.

మర్నాడు పలక తిరగేశాం. ‘శ్రీరామ’. అంచులు కత్తితో కోసినట్టు వచ్చాయి. చదువు లేని మా అత్తగారు కళ్ళకద్దుకున్నారు. మా ఆయన చాలాసేపు చూసి, ‘ఇదేం భాషే?’ అన్నారు. తీరా చూస్తే అక్షరాలన్నీ వెనక్కి తిరిగి, కుడి నుంచి ఎడమకి నడుస్తున్నాయి. అద్దం తెచ్చి ఎదురుగా పెడితే దివ్యంగా ఉంది. ‘దుబాయి నుంచి వచ్చినాయన ఎవరైనా ఉంటే ఇచ్చేద్దామే, అక్కడ ఇటే చదువుతారంట’ అని ఆయన నవ్వుతుంటే, పోయిన సిమెంటు తలుచుకుని నాకు నవ్వు రాలేదు. ఆ పలకను దూడ తొట్టి కింద వేశాం. అది చూసి మా అత్తగారు మళ్ళీ అన్నం మానేశారు.

అక్షరాన్ని తిరగేసి కోస్తేనే పలకలో తిన్నగా వస్తుందని అలా తెలిసింది. పలచటి కాగితం మీద పెద్దగా రాసి నూనె పూస్తే గీత అవతలి వేపుకి కనిపిస్తుంది. దాన్ని తిరగేసి రబ్బరు మీద పరిచి, గీత వెంట బ్లేడు నడపాలి. అంచు నిలువుగా కోస్తే రబ్బరు సిమెంటును పట్టుకుని వదలదు, కొంచెం ఏటవాలుగా కోయాలి. మన అక్షరాలకి పొట్టలెక్కువ. ఆ పొట్టల్లో నిలవాల్సిన సిమెంటు వేరుశనగ గింజంత ఉంటుంది, లాగేటప్పుడు అదీ ఊడి వచ్చేస్తుంది. సున్నలు పెట్టినన్ని చోట్లా గోతులు తేలేవి. మూడో తరగతితో ఆగిన నా చదువు అలా తిరగేసి మళ్ళీ మొదలైంది. ఒక దశలో బస్సు మీద ఊరి పేరు తిన్నగా కనిపిస్తే, వీళ్ళెవరో తప్పు రాశారే అనుకునేదాన్ని.

పలకలు బాగానే వస్తున్నాయన్న పేరు వచ్చాక ఒక పొరపాటు జరిగింది. మస్కటు నుంచి వచ్చినాయన తన మేడకి ‘ప్రేమ కుటీరం’ అని పోయమన్నాడు. కుటీరం అంటే ఏమిటని మా ఆయన్ని అడిగితే గుడిసె అన్నారు. అంత కష్టపడి మేడ కట్టుకున్నవాడు గుడిసె అని రాయించుకోవడమేమిటి, పాపం తెలియక చెప్పి ఉంటాడని, నేనే సవరించి ‘ప్రేమ మేడ’ అని పోశాను. ఆయన వచ్చి చూసుకుని అన్న మాటలు ఇక్కడ రాయను. (ఆయన భార్య పేరు ప్రేమ కాదని ఆ రోజే తెలిసింది. ఆ సంగతి మనకెందుకు.) ఆ దెబ్బతో ఒట్టు పెట్టుకున్నాను. చెప్పినవారు ఏం చెబితే అది, అక్షరం మార్చకుండా పోయాలి. మన తెలివి మన దగ్గరే ఉంచుకోవాలి.

ఇలా ఉండగా మా ఊరి పెద్ద మాస్టారు పోయారు. ఊళ్ళో ఒకటో తరగతి చదివిన వాళ్ళందరికీ ఆయనే అక్షరాలు దిద్దించారు, మా పెద్దాడితో సహా. ఆయన భార్య టీచరమ్మగారు, ఆవిడా బళ్ళోనే పనిచేసేవారు. మాస్టారిని చర్చి వెనక సమాధుల తోటలో పెట్టి, కొయ్య సిలువ మీద రంగుతో పేరు రాశారు. మా వైపు నేల సంగతి తెలిసిందే. వానాకాలం మోకాలి లోతు నీరు నిలుస్తుంది, నీరు తీశాక మట్టి దిబ్బలన్నీ ఒక్కలాగే చదునైపోతాయి. ఆ ఏడు వానలకి సిలువ ఒరిగింది, రంగు కొట్టుకుపోయింది. టీచరమ్మగారు నీళ్ళు తీశాక వెళ్ళి, పక్కపక్కనున్న రెండు దిబ్బల్లో మాస్టారిది ఏదో పోల్చుకోలేక నిలబడిపోయారని, కాటికాపరి వచ్చి చూపించాల్సి వచ్చిందని ఊళ్ళో చెప్పుకున్నారు. ఏడాది తిరిగేసరికి జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక పెట్టి, ఆ రోజున చెదరని పలక ఒకటి నిలబెట్టాలని ఆవిడ పట్టు. ఆ పని మాకు వచ్చింది.

పని చెప్పడానికి వచ్చినాయన చర్చిలో సంఘపెద్ద. మర్యాదంటే ఆయనే. మేకను తోలినా ‘పక్కకి జరగండి’ అనే మనిషి. కాగితం మీద రాసి తెచ్చారు, అదీ గొలుసుకట్టు రాత. చదవలేనని చెప్పడానికి నాకు నామోషీ. నోటి మాటగా చెప్పండి, అచ్చు కోసేవాళ్ళకి చెవిన పడితేనే చేతికి వస్తుంది అని ఒక శాస్త్రం కల్పించాను. ఆయన వర మీద కూర్చుని ఎంతో నిదానంగా చెప్పారు. ‘పైన పెద్ద అక్షరాలతో మాస్టారి పేరండి. పేరు పక్కన గారు ఉండాలండి. దాని కింద, ప్రభువునందు నిద్రించేరండి. అంతేనండి.’

నేను మరీ అంత తెలివితక్కువదాన్ని కాదు. పేరు దగ్గర అండి తీసేశాను, అక్కడ గారు ఉంది కాబట్టి. అంతేనండి అన్నది పలక మీదకి రాదని కూడా తెలుసు. నిద్రించేరండి దగ్గర మాత్రం ఆగి ఆలోచించాను. నిద్రించేరు అని ఊరుకుంటే, అంతటి మాస్టారి గురించి పెడసరంగా చెప్పినట్టు ఉంటుందనిపించింది. మా అత్తగారిని అడిగితే, పోయినాయనకి మర్యాద తగ్గించకూడదే అన్నారు. పైగా నా ఒట్టు ఉండనే ఉంది. వీళ్ళ సమాధుల మీద రాత కూడా ఎంత పద్ధతిగా ఉంటుందో అని మెచ్చుకుని మరీ కోశాను.

ఆ పలకకి పట్టినంత ఓపిక నేను నా పిల్లలకి కూడా పట్టలేదు. ఎవరూ తొడగని కొత్త చెప్పు అడుగులు తెచ్చి కోశాను (మా ఆయన అది చూసి, నాకు ఒంట్లో బాగుందా అని అడిగారు). ఇసక రెండుసార్లు జల్లించాను. నూనె పక్షి ఈకతో రాశాను. పోసి, మర్నాడు విప్పి, వారం రోజులు తడి గోనెల కింద ఉంచాం. ఒక్క పొట్ట ఊడలేదు, ఒక్క సున్న పూడలేదు. లోపల నల్ల రంగు నింపి నిలబెడితే, మా ఆయన దూరంగా వెళ్ళి చూసి, దగ్గరికి వచ్చి చూసి, నాకు టీ పెట్టి ఇచ్చారు. అది మొదటిసారి, చివరిసారి కూడా.

కూడిక ఆదివారం. శనివారం పొద్దున్నే సంఘపెద్దగారు బండి తీసుకుని వచ్చారు. పలక ముందు నిలబడి కండువా సర్దుకుని చదివారు. మళ్ళీ చదివారు. ఆయన ముఖంలో వెలుతురు మెల్లగా దిగిపోవడం చూశాను.

‘చాలా బాగుందండి చెల్లెమ్మగారూ. ఇంత బాగా వస్తాదని అనుకోలేదండి. కాని, ఆ చివర అండి ఎందుకండి?’

‘మీరే చెప్పేరు కదండి.’

‘నేనెప్పుడన్నానండి?’

‘ఇప్పుడూ అంటున్నారు కదండి.’

ఆయన నోరు తెరిచి, ఏం మాట్లాడినా చివర అదే వస్తుందని తెలిసి, మూసుకున్నారు. పాపం, అలా వర మీద కూలబడి చెమట తుడుచుకుంటూ, కాగితంలో నిద్రించిరి అని రాసుకొచ్చేననీ, నోటికి ఏమొచ్చిందో తనకి తెలియదనీ, అమలాపురం నుంచి పెద్ద పాస్టరుగారు, ఇంకా ఎవరెవరో వస్తున్నారనీ, చూసినవాళ్ళు నవ్వితే టీచరమ్మగారు ఏమైపోతారనీ అన్నారు. మీరు చెప్పిందే పోశాను, అక్షరం మార్చలేదు అని నేను నడుముకి కొంగు దోపాను. లోపల మాత్రం లెక్కలు వేసుకుంటున్నాను. ఇంకో పలక పోసి ఆరబెట్టే వ్యవధి లేదు. ఉన్నదాన్ని దిద్దుదామంటే సున్న పూడ్చాలి, ‘డి’ పూడ్చాలి, ‘ర’కి కొమ్ము చెక్కాలి. పూడ్చిన సిమెంటు వేరే రంగులో అతుకులా కనిపిస్తుంది, ఒక వానకి పెచ్చు లేస్తుంది. ఉలి ఆనిస్తే ఆ పలచటి అంచులు నిలుస్తాయో లేదో దేవుడికే తెలియాలి. పలక లేకుండా కూడిక జరిగితే ఆ దిబ్బ మళ్ళీ పేరు లేని దిబ్బే. మా ఆయన ఉలి, సుత్తి తెచ్చి పక్కన పెట్టుకుని కూర్చున్నారు.

బండి ఎంతకీ రాకపోయేసరికి టీచరమ్మగారే నడిచి వచ్చేశారు. ఆవిడ పలక దగ్గరికి వెళ్ళి, ముందు పేరు మీద వేలు పెట్టి, అక్షరాల లోపలి అంచు వెంట పోనిచ్చారు, పిల్లల చేత దిద్దించినట్టు. రెండో వరసకి వచ్చారు. చివరి అక్షరాల దగ్గర వేలు ఆగింది. సంఘపెద్దగారు, ‘తప్పు నాదేనండి, నా నోటిదండి’ అన్నారు. మా ఆయన, ‘దిద్దేస్తానండి, నిదానంగా కొడతాను’ అంటూ ఉలి తీశారు.

ఆవిడ ఉలి మీద చెయ్యి వేసి ఆపారు. ‘మా మావగారు ఈ తోటలో కూడా కొబ్బరి దింపు తీసేరు. అమ్మగారికి గుర్తుండే ఉంటాది’ అన్నారు, మా అత్తగారి వేపు చూసి. మా అత్తగారు తల ఊపారు. ‘చెట్టెక్కినప్పుడు ఒరేయ్, దిగినప్పుడు ఒరేయ్. బతికినన్నాళ్ళూ ఆయన్ని అండి అన్నవాళ్ళు ఒక్కరు లేరు. మాస్టారు ఉద్యోగంలో చేరిన మొదటి రోజే, బళ్ళో చంటిపిల్లల్ని కూడా అండి అనే పిలుస్తానన్నారు. ఎవరి పిల్లలైనా సరే. చనిపోయేదాకా అలాగే పిలిచేరు. ఇప్పుడు మాస్టారిని రాతి మీద అండి అన్నారు. మీరు దాన్ని కొట్టేస్తానంటున్నారు.’

మా అత్తగారు లేచి, తన కొంగుతో పలక మీది దుమ్ము తుడిచారు. అంతకు ముందు ఆవిణ్ణి ‘ఏమ్మా టీచరమ్మా’ అనే మనిషి, బండి కదిలేటప్పుడు గుమ్మం దాకా వెళ్ళి, ‘జాగ్రత్తగా వెళ్ళండి. వస్తూ ఉండండి’ అన్నారు. ఆ పూట మా అత్తగారు అన్నం సరిగా తినలేదు. ఈసారి అలక కాదు.

ఆదివారం మేమూ వెళ్ళాం. నేను వెళ్ళింది ప్రార్థనకి కాదు, పలక తిన్నగా పాతారో లేదో చూడటానికి. జనం తోట నిండా ఉన్నారు. జుట్టు నెరిసినవాళ్ళ దగ్గర్నుంచి నిక్కర్ల వాళ్ళ దాకా అందరూ మాస్టారి దగ్గర చదివినవాళ్ళే. మా వీధివాళ్ళు కూడా చాలామంది కనిపించారు. పాటలయ్యాక పెద్ద పాస్టరుగారు పలక మీది గుడ్డ తీశారు. ఆయనకి ఎవరూ ముందు చెప్పలేదు (చెప్పాల్సినాయన నోరు తెరిస్తే అండి వస్తుందని భయపడి ఊరుకున్నారనుకుంటాను). ఆయన గంభీరమైన గొంతుతో మాస్టారి పేరు చదివారు. ‘ప్రభువునందు’ అని చదివి ఆగారు. కళ్ళద్దాలు సర్దుకున్నారు. ఇక వేరే దారి లేక, ఉన్నది ఉన్నట్టు, ‘నిద్రించేరండి’ అని చదివేశారు.

ముందు వరసలో ఒక ముసలాయన, తల వంచుకుని ఉన్నవాడు ఉన్నట్టే, ‘ఆయ్’ అన్నాడు.

మా వైపు ఎవరైనా అండి అని ఏదైనా చెబితే, విన్నామని చెప్పడానికి అదే మాట కదా. ఆయన పక్కనున్నవాళ్ళూ ‘ఆయ్’ అన్నారు. వెనకవాళ్ళూ అన్నారు. తోట చివరి దాకా, కొందరు వణుకుతూ, కొందరు గట్టిగా, బళ్ళో హాజరు చెప్పినట్టు అందరూ ‘ఆయ్’ అన్నారు. అప్పుడు ఎక్కడో చిన్న నవ్వు పుట్టి, ఏడుపుతో కలిసిపోయి, ఏది ఏదో తెలియకుండా పోయింది. టీచరమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. పాస్టరుగారు ఆమెన్ అనడం కూడా మరిచిపోయారు.

అంతమందిలో నవ్వనిది, ఏడవనిది నేనొక్కదాన్నే. ఎందుకంటే అప్పుడే నాకు ‘ద్ర’ కింద వత్తులో గాలి బుడగ ఒకటి, కందిగింజంత గుంట, కనబడింది. సిమెంటు పోసేటప్పుడు అద్దం కింద సరిగా తట్టకపోతే అలా గాలి ఉండిపోతుంది. రంగు నింపేటప్పుడు కూడా అది నా కంట పడలేదు. ఊరంతా మాస్టారికి బదులు చెబుతుంటే నేను ఆ గుంటకేసి గుడ్లురిమి చూస్తూ, మా ఆయన్ని మోచేత్తో పొడుస్తూ నిలబడ్డాను. ఆయన నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరారు.

జనం వెళ్ళిపోయాక, చిటికెడు సిమెంటు ఆకులో తడిపి తెచ్చి, ఒక్కదాన్నే ఆ దిబ్బ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. గుంట పూడ్చి, వేలితో అంచు తీర్చి, సరిగా వచ్చిందా అని వెనక్కి జరిగి మొదటి నుంచీ చూశాను. ఆ అక్షరాలన్నీ నేను కోసినవే. ఒక్కొక్కటీ తిరగేసి, తలకిందులుగా పట్టుకుని, వంకర ఎక్కడుందా అని వెతికినవే. ఇన్ని రోజుల్లో వాటిని కలిపి ఒక మాటగా చదివింది మాత్రం లేదు. అప్పుడు చదివాను, కూడబలుక్కుంటూ, పైకే. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, అందరికంటే ఆలస్యంగా, నేనూ ఆయ్ అన్నాను.

ఆ తరవాత ఎన్ని పలకలు పోశామో లెక్కలేదు. కాని నాకు ఎప్పుడైనా ఊరికే నవ్వొచ్చేది అప్పటి ఆ మనిషిని, అంటే నన్నే, తలుచుకుంటేనే. ముప్పై నిండని వయసు, నడుముకి దోపిన కొంగు, వేలికి సిమెంటు, కంట్లో ఆ గాలి బుడగ. అంత కోపంగా ఎవరి మీద ఉండేదో, పాపం.